యాప్‌లో కనిపించే ఆఫీసు గోడలు

రెండేళ్ల కిందట నా దగ్గరికి ఒక టికెట్ వచ్చింది. సినిమా టికెట్ కాదండీ, కస్టమర్ కేర్ వాళ్లు మా ఇంజినీర్లకు పంపే ఫిర్యాదు. అప్పుడు నేను పనిచేస్తున్నది ఆరోగ్య బీమా అమ్మే ఒక కంపెనీలో. టికెట్‌లో ఉన్నది ఇంతే: "కస్టమర్ ఫోన్ నంబర్ మార్చుకున్నారు. యాప్‌లో కొత్త నంబరే కనిపిస్తోంది. క్లెయిమ్ ఓటీపీ మాత్రం పాత నంబర్‌కి వెళ్తోంది. పాత సిమ్ ఇప్పుడు లేదు. పేషెంట్ ఆసుపత్రిలో ఉన్నారు. అర్జెంట్."

పేషెంట్ ఆ కస్టమర్ వాళ్ల నాన్నగారు. ఓటీపీ చెబితేనే క్యాష్‌లెస్‌కి అనుమతి వస్తుంది. ఓటీపీ రాదు. ఆయన మూడుసార్లు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాడు. మూడుసార్లూ ఒకటే జవాబు, "ప్రొఫైల్‌లో నంబర్ మార్చుకోండి సార్" అని. ఆయన మార్చుకునే ఉన్నాడు పాపం. చివరికి చుట్టాల దగ్గర అప్పు తెచ్చి బిల్లు కట్టి, నాన్నని ఇంటికి తీసుకెళ్లాడు. డబ్బు తర్వాత రీయింబర్స్‌మెంట్‌లో వచ్చింది. కానీ ఆ రెండు రోజులు ఆయన పడ్డ అవస్థకి ఏ రీయింబర్స్‌మెంట్ ఉంటుంది?

నేను కోడ్ తెరిచి చూశా. కస్టమర్ ఫోన్ నంబర్ మా సిస్టమ్‌లో ఒక చోట కాదు, మూడు చోట్ల ఉంది. యాప్ టీమ్ దగ్గర ఒకటి. పాలసీ టీమ్ దగ్గర ఒకటి. మెసేజ్‌లు పంపే టీమ్ దగ్గర ఇంకోటి. యాప్‌లో మార్చిన నంబర్ ఆ రాత్రికల్లా మిగతా రెండు చోట్లకీ చేరాలి. ఈయన విషయంలో చేరలేదు. యాప్ నుంచి నంబర్ నేరుగా వెళ్లేలా చేస్తే సరి. నా అంచనా నాలుగు లైన్ల కోడ్, ఒక మధ్యాహ్నం పని.

పట్టింది పదకొండు వారాలు.

మా టీమ్‌లో ఒక సీనియర్ ఉండేది. అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. మూడో వారంలో నా గోలంతా విని, "కోడ్ తర్వాత చూద్దువుగానీ, ముందు రెండు బొమ్మలు గియ్యి" అంది. ఒకటి సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ బొమ్మ, అంటే ఏ సర్వీస్ దేనితో మాట్లాడుతుందో చూపించేది. రెండోది ఆర్గ్ చార్ట్, ఎవరు ఎవరికి రిపోర్ట్ చేస్తారో చూపించేది. గీసి పక్కపక్కన పెట్టా. పైన పేర్లు చెరిపేస్తే ఏది ఏదో చెప్పలేం. రెండింటిలోనూ అవే మూడు పెట్టెలు, వాటి మధ్య అవే ఖాళీలు.

"ఇప్పుడు అర్థమైందా? నీ బగ్ రెండో బొమ్మలో ఉంది" అంది అక్క.

ఎనిమిది మంది, రెండు కంపైలర్లు

అక్క చెప్పిన విషయానికి యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉందని తర్వాత తెలిసింది. మెల్విన్ కాన్వే అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఒక వ్యాసం రాసి హార్వర్డ్ బిజినెస్ రివ్యూకి పంపాడు. మీ వాదనకు రుజువు లేదని వాళ్లు తిప్పి పంపేశారు. ఆ వ్యాసమే 1968 ఏప్రిల్‌లో డేటామేషన్ అనే కంప్యూటర్ల పత్రికలో వచ్చింది. 1975లో ఫ్రెడ్ బ్రూక్స్ తన 'ది మిథికల్ మ్యాన్ మంత్' పుస్తకంలో దాన్ని 'కాన్వే సూత్రం' అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

సూత్రం సారాంశం ఇదీ: ఒక సంస్థ ఏ సిస్టమ్ తయారుచేసినా, ఆ సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడతారో ఆ పోలికే సిస్టమ్‌కీ వస్తుంది. తల్లిదండ్రుల పోలికలు పిల్లలకి వచ్చినట్టన్నమాట.

కాన్వే ఇచ్చిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. ఒక పరిశోధన సంస్థలో ఎనిమిది మంది ఉన్నారు. వాళ్లు రెండు కంపైలర్లు తయారుచేయాలి, ఒకటి కోబాల్ భాషకి, ఒకటి ఆల్గాల్ భాషకి. పని ఎంత ఉంటుందో, ఎంతకాలం పడుతుందో లెక్కలు వేసి ఐదుగురిని కోబాల్‌కి, ముగ్గురిని ఆల్గాల్‌కి పంపారు. చివరికి ఏమైంది? కోబాల్ కంపైలర్ ఐదు దశల్లో నడిచింది, ఆల్గాల్ కంపైలర్ మూడు దశల్లో నడిచింది.

చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత కొంచెం భయమేసింది. ఆ కంపైలర్ల ఆర్కిటెక్చర్ గురించి ఎవరూ మీటింగ్ పెట్టకముందే, పెద్ద నిర్ణయం ఒకటి జరిగిపోయింది. మనుషుల్ని పంచిన రోజే డిజైన్ సగం ఖాయమైపోయింది. పంచిన మేనేజర్‌కి తాను ఆర్కిటెక్ట్ పని చేస్తున్నానని తెలిసి ఉండకపోవచ్చు.

వాటాలు పంచుకున్న ఇల్లు

ఎందుకిలా అవుతుంది? దీనికి పెద్ద థియరీ అక్కర్లేదు, ఇంటర్ లెక్క చాలు. ఐదుగురు ఉన్న చోట ఇద్దరిద్దరు మాట్లాడుకునే జతలు 10. పది మంది అయితే 45. యాభై మంది అయితే 1,225. అంతమంది అన్నీ మాట్లాడుకుంటూ కూర్చుంటే పనెప్పుడు చేస్తారు? అందుకే టీమ్‌లుగా విడదీస్తాం. టీమ్ లోపల ఎంతైనా మాట్లాడుకుంటారు. టీమ్‌కీ టీమ్‌కీ మధ్య మాత్రం ఒక చిన్న కిటికీ ఉంటుంది. అది వారానికో మీటింగ్ కావచ్చు, టికెట్ కావచ్చు, మెయిల్ కావచ్చు.

సాఫ్ట్‌వేర్‌లో కూడా కిటికీ అక్కడే పడుతుంది. పక్క సీటులో ఉన్నవాడిని "ఈ ఫీల్డ్ కూడా పంపు బ్రో" అని అడగడం ఒక నిమిషం పని. వేరే ఫ్లోర్‌లో వేరే డైరెక్టర్ కింద పనిచేసేవాడిని అడగాలంటే టికెట్ పెట్టాలి, వాళ్ల ప్రయారిటీలో దూరాలి. అంత తలనొప్పి ఎందుకని మనమే ఆ డేటాకి ఒక కాపీ పెట్టేసుకుంటాం. అలా పుట్టిందే మా ఫోన్ నంబర్ మూడో కాపీ.

ఊళ్లో అన్నదమ్ములు వాటాలు పంచుకున్న ఇళ్లు చూశారా? నడి వాకిట్లో గోడ లేస్తుంది. రెండు వంటిళ్లు, రెండు బోర్లు, రెండు కరెంటు మీటర్లు. కొత్తగా చూసినవాళ్లకి ఇదేం ప్లానురా బాబూ అనిపిస్తుంది. ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలిసినవాళ్లకి మాత్రం ప్రతి ఇటుకకీ కారణం తెలుసు. పాత కోడ్ కూడా అంతే. "ఇంత చెత్తగా ఎవరు రాశారు?" అని తిట్టుకునే ముందు, రాసినప్పుడు ఎవరెవరికి మాటల్లేవో కనుక్కోవాలి.

గోడ దగ్గర పోయిన వ్యోమనౌక

టీమ్ లోపలి తప్పుల్ని సాధారణంగా టీమే పట్టేసుకుంటుంది. రెండు టీమ్‌ల మధ్య సందులో పడ్డ తప్పు ఎవరి కంటా పడదు. దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. 1998 డిసెంబర్‌లో బయల్దేరిన ఆ నౌక తొమ్మిది నెలలు బాగానే ప్రయాణించింది. 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి కక్ష్యలోకి దిగాల్సిన సమయంలో సంబంధాలు తెగిపోయాయి. మళ్లీ సిగ్నల్ రాలేదు.

విచారణలో తేలింది ఇదీ. నౌక తయారుచేసిన లాక్‌హీడ్ మార్టిన్ వైపు సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల లెక్కని పౌండ్-సెకన్లలో ఇచ్చింది. దాన్ని వాడుకున్న నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ వైపు సాఫ్ట్‌వేర్ న్యూటన్-సెకన్లు అనుకుంది. తేడా నాలుగున్నర రెట్లు. ఒకళ్లున్నది కొలరాడోలో, ఇంకొకళ్లున్నది కాలిఫోర్నియాలో. రెండు ప్రోగ్రామ్‌లూ విడివిడిగా వాటి లెక్క ప్రకారం అవి నడిచాయి. రెండూ కలిసేచోట యూనిట్ ఏమిటని అడిగి సరిచూసినవాళ్లు లేరు.

ఇంకో సంగతి ఉంది. నౌక దారిలో ఏదో తేడా ఉందని నావిగేషన్ టీమ్‌కి ముందే అనుమానం వచ్చింది. కానీ ఆ అనుమానం పద్ధతి ప్రకారం నమోదై, పరిష్కరించాల్సినవాళ్ల దాకా గట్టిగా చేరలేదు. తప్పు చేయనివాళ్లు ఎవరూ ఉండరు. తప్పు కనిపించినప్పుడు చెప్పే దారి లేకపోవడమే అసలు నష్టం చేసింది.

మీ ఫోన్‌పే ఐడీలో ఉన్న బ్యాంకు

అంగారకుడి దాకా ఎందుకు, మీ చేతిలో ఉన్న ఫోన్ చూడండి. ఫోన్‌పే వాడుతుంటే మీ యూపీఐ ఐడీ చివర వైబీఎల్ అనో, ఐబీఎల్ అనో, ఏఎక్స్ఎల్ అనో ఉంటుంది. గూగుల్ పేలో అయితే ఓకేయాక్సిస్, ఓకేఎస్‌బీఐ లాంటివి. ఆ తోక ఏంటని ఎప్పుడైనా ఆలోచించారా? అది యాప్ వెనకున్న భాగస్వామి బ్యాంకు గుర్తు. వైబీఎల్ అంటే యస్ బ్యాంక్. మీ ఖాతా ఎస్‌బీఐలో ఉన్నా సరే, ఐడీలో యస్ బ్యాంక్ ఉండొచ్చు.

యాప్ కంపెనీ నేరుగా యూపీఐకి తగులుకోలేదు. అది ఒక బ్యాంకు ద్వారానే రావాలి. ఆ బ్యాంకు నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌తో మాట్లాడుతుంది. ఆ కార్పొరేషన్ స్విచ్ మీ బ్యాంకుతోనూ, డబ్బు అందుకునేవాళ్ల బ్యాంకుతోనూ మాట్లాడుతుంది. ఇది ఇంజినీర్లు మాత్రమే కూర్చుని గీసిన బొమ్మ కాదు. డబ్బు కదిలించే లైసెన్సు ఎవరికి ఉంది, ఎవరు ఎవరికి జవాబుదారీ అనే రిజర్వ్ బ్యాంకు నియమాల బొమ్మ. సాఫ్ట్‌వేర్ దాని అడుగుజాడల్లో నడిచింది.

2020 మార్చి 5 రాత్రి దీని ప్రభావం చాలామందికి తగిలింది. రిజర్వ్ బ్యాంకు కోరడంతో కేంద్ర ప్రభుత్వం యస్ బ్యాంక్ మీద మారటోరియం పెట్టింది. అప్పటికి ఫోన్‌పే యూపీఐ అంతా ఆ ఒక్క బ్యాంకు మీదుగానే నడిచేది. లావాదేవీలు ఆగిపోయాయి. వేరే బ్యాంకుల్లో డబ్బున్నవాళ్లకి కూడా యాప్ పనిచేయలేదు. హుటాహుటిన ఐసీఐసీఐ బ్యాంకు మీదికి మారి మర్నాటికి మళ్లీ మొదలుపెట్టారు. ఆ రాత్రి ఫోన్‌పే కోడ్‌లో బగ్ ఏమీ లేదు. ఆగింది ఒప్పందం దగ్గర. ఇప్పుడు ఐడీల్లో రెండు మూడు రకాల తోకలు కనిపిస్తున్నాయంటే, ఒక్క గుంజకే ఇల్లంతా కట్టకూడదని నేర్చుకున్నారన్నమాట.

పొలం రికార్డు చెప్పే పాఠం

ప్రభుత్వాల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. భూమి సంగతే తీసుకోండి. పొలం కొంటే రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, అంటే స్టాంపులు రిజిస్ట్రేషన్ల శాఖలో. పాస్‌బుక్‌లో పేరు మారాలంటే తహసీల్దార్ ఆఫీసుకి, అంటే రెవెన్యూ శాఖకి. శాఖలు రెండు కాబట్టి రికార్డులూ రెండు. కంప్యూటర్లు వచ్చాక అవి రెండు డేటాబేస్‌లు అయ్యాయి. రిజిస్ట్రేషన్ అయిపోయినా రెవెన్యూ రికార్డులో పాత యజమాని పేరే ఉండిపోయే ఆ సందులోనే డబుల్ రిజిస్ట్రేషన్లూ, కోర్టు కేసులూ, చెప్పులరిగేలా తిరగడాలూ.

తెలంగాణలో 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలైనప్పుడు వ్యవసాయ భూములకి ఈ సందు మూసేశారు. ఎలా? రెండు డేటాబేస్‌ల మధ్య ఒక ఏపీఐ పెట్టేసి ఊరుకోలేదు. వ్యవసాయ భూములకి తహసీల్దార్‌కే జాయింట్ సబ్ రిజిస్ట్రార్ బాధ్యత ఇచ్చారు. ఒకే ఆఫీసులో రిజిస్ట్రేషన్, వెంటనే మ్యుటేషన్. అంటే ముందు కుర్చీ మార్చారు, అప్పుడు స్క్రీన్ మారింది. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా చూస్తే ఇది కాన్వే సూత్రాన్ని తిరగేసి వాడుకోవడమే.

అదే ధరణిలో రెండో పాఠం కూడా ఉంది. రికార్డులో తప్పు పడితే సరిదిద్దే అధికారం ఎక్కువగా కలెక్టర్ దగ్గర పెట్టారు. పాత రెవెన్యూ కోర్టుల్ని తీసేశారు. పేరులో అక్షరం తప్పయినా, విస్తీర్ణం తప్పయినా దరఖాస్తు పైదాకా వెళ్లాలి. జిల్లాకి ఒక్కరే కలెక్టర్, తప్పులు మాత్రం వేలల్లో. పోర్టల్‌లో ఎన్ని బటన్లు పెట్టినా ఆ క్యూ తగ్గదు, ఎందుకంటే చట్టంలో లేని తలుపు స్క్రీన్ మీద తెరుచుకోదు. 2025లో దాని స్థానంలో భూ భారతి చట్టం వచ్చినప్పుడు అప్పీలు చేసుకునే అంచెల్ని మళ్లీ తెచ్చారు. అది ఎంత బాగా పనిచేస్తుందన్నది వేరే చర్చ. మార్పు మాత్రం మళ్లీ కోడ్‌లో కాకుండా అధికారాల పంపకంలోనే మొదలైంది.

రిమార్క్స్ బాక్స్ కథ

ఇక మా ఫోన్ నంబర్ దగ్గరికి వద్దాం. ఆ నంబర్ పాలసీ టీమ్‌కి ఎందుకు చేరలేదు? ఐదో వారంలో దొరికింది కారణం.

పాలసీ డేటాబేస్‌లో ఒక కొత్త కాలమ్ పెట్టాలంటే మా కంపెనీలో ఆర్కిటెక్చర్ రివ్యూ కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ నెలకోసారి కూర్చుంటుంది. పద్నాలుగు పేజీల ఫారం, ముగ్గురు పెద్దల సంతకాలు. అన్నీ కలిసొస్తే రెండు నెలలు. ఏళ్ల కిందట యాప్ టీమ్‌లో ఎవరో పాపం, రిలీజ్ తేదీ ముంచుకొస్తుంటే, ఒక దొంగదారి కనిపెట్టారు. పాలసీ టేబుల్‌లో 'రిమార్క్స్' అని ఒక కాలమ్ ఉంది. అందులో ఏం రాసినా ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్త నంబర్‌ని అందులో రాసేశారు. రాత్రిపూట నడిచే ప్రోగ్రామ్ దాన్ని చదివి అసలు కాలమ్‌లోకి మారుస్తుంది. రెండు నిమిషాల పని. బాగానే నడిచింది.

అయితే అదే రిమార్క్స్ బాక్స్ కస్టమర్ కేర్ వాళ్ల స్క్రీన్ మీద కూడా ఉంది. కాల్ అయిపోగానే వాళ్లు అందులో ఒక ముక్క టైప్ చేయాలి. "కస్టమర్ కాల్ చేశారు, వివరించాం" అని వాళ్లు సేవ్ చేయగానే ముందున్నది చెరిగిపోతుంది.

ఆ కస్టమర్ యాప్‌లో నంబర్ మార్చాడు. మారిందో లేదో అని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాడు. ఆ ఫోన్‌తోనే నంబర్ తుడిచిపెట్టుకుపోయింది. వాళ్లు మళ్లీ మార్చమన్నారు. మార్చి, మళ్లీ ఫోన్ చేశాడు. మళ్లీ పోయింది. సాయం అడిగిన ప్రతిసారీ ఆయన పని మొదటికొచ్చింది. ఇది కనిపెట్టిన రోజు నాకు అన్నం సయించలేదు.

కమిటీని విలన్‌ని చేయడం తేలిక. కానీ ఆ కమిటీ పుట్టింది మంచి ఉద్దేశంతోనే. అది జనాల ఆరోగ్య సమాచారం, ఎవరు పడితే వాళ్లు టేబుల్ మార్చేస్తే ఎలా? సమస్య ఎక్కడంటే, సరైన దారికి రెండు నెలలు, దొంగదారికి రెండు నిమిషాలు. బాట మూసేస్తే జనం నడక మానరు, చేలో పడి నడుస్తారు. కమిటీకి తన దగ్గరికొచ్చిన ఫారాలే కనిపిస్తాయి, చేలో పడ్డ అడుగుజాడలు కనిపించవు. మా అసలు ఆర్కిటెక్చర్ కమిటీ ఫైళ్లలో లేదు, రిమార్క్స్ బాక్స్‌లో ఉంది.

అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ ఒకసారి వాటాదారులకి రాసిన లేఖలో నిర్ణయాల్ని రెండు రకాలుగా విడదీశాడు. వెళ్తే వెనక్కి రాలేని తలుపులు, వెళ్లి చూసి వెనక్కి రాగలిగే తలుపులు. మొదటి రకానికి కమిటీ, సంతకాలు, ఆలోచన అన్నీ కావాలి. రెండో రకాన్ని పని చేసే టీమ్‌కే వదిలేయాలి. కస్టమర్ డేటాని బయటి కంపెనీకి ఇవ్వడం మొదటి రకం. ఒక కాలమ్ చేర్చడం చాలాసార్లు రెండో రకం. మా దగ్గర రెండింటికీ ఒకటే ఫారం.

మైక్రోసర్వీసులు పెడితే సరిపోదా?

మీలో ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఈపాటికి అనుకుంటూ ఉంటారు, అన్నీ మైక్రోసర్వీసులుగా విడగొట్టేస్తే పోలా అని. విడగొట్టిందే మాది. పెద్ద ప్రోగ్రామ్‌ని ముక్కలు చేశాం, ఒక్కో ముక్క ఒక్కో టీమ్‌కి ఇచ్చాం. కానీ ముక్కల గీతలు ఎక్కడ గీశాం? పాత డిపార్ట్‌మెంట్ల గీతల మీదే. మెసేజ్‌ల టీమ్ మార్కెటింగ్ కింద ఉండేది, ఎందుకంటే ఒకప్పుడు ఆఫర్ల ఎస్ఎంఎస్‌లు పంపడానికి పుట్టిన టీమ్ అది. అందుకే ఆసుపత్రి ఓటీపీకి సంబంధించిన మా రిక్వెస్ట్ దసరా ఆఫర్ల వెనక క్యూలో నిలబడింది. పాత గోడలకే కొత్త రంగు వేశామన్నమాట.

2002 ప్రాంతంలో అమెజాన్‌లో బెజోస్ ఇచ్చిన ఆదేశం గురించి అక్కడ పనిచేసిన స్టీవ్ యెగ్గి 2011లో బయటపెట్టాడు. ప్రతి టీమ్ తన డేటానీ, పనుల్నీ సర్వీసుల ద్వారానే మిగతావాళ్లకి అందించాలి, దొడ్డిదారిన పక్క టీమ్ డేటాబేస్‌లో చేయి పెట్టకూడదు, రేపు బయటివాళ్లకి కూడా ఇవ్వగలిగేలా కట్టాలి అని దాని సారాంశం. పైకి ఇది టెక్నికల్ ఆర్డర్‌లా ఉంటుంది. చూస్తే అది టీమ్‌లు ఎలా మాట్లాడుకోవాలో చెప్పే ఆర్డర్. దాంతోపాటు రెండు పిజ్జాలు సరిపోయేంత చిన్న టీమ్‌లు, కట్టినదాన్ని నడిపే బాధ్యత కూడా ఆ టీమ్‌దే. ముందు మాటల దారి మారింది, కోడ్ దాని వెంట వచ్చింది. 2006లో వాళ్లు కంప్యూటర్ సర్వీసులే బయటకి అమ్మడం మొదలుపెట్టారు.

అందుకని పన్నెండు మంది ఉన్న స్టార్టప్ అమెజాన్‌ని చూసి వాత పెట్టుకోనక్కర్లేదు. పన్నెండు మందికి నలభై సర్వీసులంటే, లేని గోడలు డబ్బిచ్చి కట్టించుకోవడమే. ఒక టేబుల్ చుట్టూ కూర్చునేవాళ్లకి ఒక ప్రోగ్రామ్ హాయిగా సరిపోతుంది.

ఇదంతా నా అనుభవం మీద చెప్తున్న మాట కూడా కాదు. 2008లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు, విక్టర్ బాసిలీ అనే ప్రొఫెసర్‌తో కలిసి విండోస్ విస్టా కోడ్ మీద ఒక అధ్యయనం చేశారు. ఏ భాగాల్లో లోపాలు ఎక్కువగా వస్తాయో ముందే ఊహించడానికి కోడ్ ఎంత సంక్లిష్టంగా ఉంది, ఎంత టెస్ట్ చేశారు లాంటి కొలతలు వాడటం మామూలు. వాళ్లు వాటితోపాటు సంస్థ కొలతల్ని కూడా తీసుకున్నారు. ఆ భాగాన్ని ఎంతమంది ముట్టుకున్నారు, వాళ్లలో ఎంతమంది మానేశారు, దాని బాధ్యత హైరార్కీలో ఎంత ఎత్తున ఒక మనిషి దగ్గరికి చేరుతుంది లాంటివి. లోపాల్ని ఊహించడంలో ఆర్గ్ చార్ట్ కొలతలే కోడ్ కొలతల కన్నా మెరుగ్గా పనిచేశాయి.

చివరి కొలత చదివినప్పుడు మా కథే గుర్తొచ్చింది. యాప్ టీమ్‌కీ, పాలసీ టీమ్‌కీ కలిపి ఒకే బాస్ ఎవరని పైకి వెళ్తే, మేం ఆగింది సీఈఓ దగ్గర.

సోమవారం ఆఫీసుకి వెళ్లాక

"ఇవన్నీ మేనేజర్లు చూసుకోవాల్సినవి, జూనియర్లం మేమేం చేస్తాం?" అని మీరు అనొచ్చు. నేనూ అన్నా. కానీ చేయగలిగినవి ఉన్నాయి.

మొదటిది, అక్క చెప్పిన రెండు బొమ్మలు గియ్యండి. అరగంట పని. రెండూ ఎక్కడ కలవట్లేదో అక్కడ గుర్తు పెట్టండి. ఒక సర్వీస్‌కి ఇద్దరు ఓనర్లు ఉన్నారా? ఓనరే లేనిది ఉందా? మీ తర్వాతి పెద్ద బగ్ వచ్చేది ఎక్కువగా అక్కడి నుంచే.

రెండోది, పక్క టీమ్‌లో ఒక్క మనిషితోనైనా టీ తాగండి. కాన్వే చెప్పింది రిపోర్టింగ్ గీతల గురించి మాత్రమే కాదు, మాటల గురించి. మాట కలిస్తే గోడలో ఒక కిటికీ పడినట్టే.

మూడోది, ఇంటర్వ్యూకి వెళ్తే మీరు కూడా ఒకటి అడగండి: "మీ దగ్గర డేటాబేస్‌లో ఒక కాలమ్ చేర్చాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి, ఎన్నాళ్లు పడుతుంది?" జీతం ఎంతో చెప్పినంత సూటిగా ఆ కంపెనీలో మీ రోజులు ఎలా ఉంటాయో ఆ జవాబు చెప్తుంది.

నాలుగోది, మీరే లీడ్ అయిన రోజున, మనుషుల్ని టీమ్‌లుగా పంచేటప్పుడు డిజైన్ చేస్తున్నామని గుర్తుపెట్టుకోండి. మొదటిసారి తట్టిన డిజైన్ దాదాపు ఎప్పుడూ అన్నిటికన్నా మంచిది కాదనీ, అందుకే సంస్థ కూడా మారడానికి సిద్ధంగా ఉండాలనీ కాన్వే ఆ వ్యాసంలోనే చెప్పాడు. టీమ్‌ల్ని రాతి మీద చెక్కేస్తే కోడ్ కూడా రాయే అవుతుంది.

మా కథ ఎలా ముగిసిందంటారా? అక్క ఆ రెండు బొమ్మలూ, పక్కన ఆ కస్టమర్ టికెట్టూ పెట్టి ఒకే పేజీ చేసి పైకి పంపింది. పద్నాలుగు పేజీల ఫారం కదిలించలేనిది ఆ ఒక్క పేజీ కదిలించింది. మూడు టీమ్‌ల నుంచి ఒక్కొక్కరం రెండు వారాలు ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నాం. ఫోన్ నంబర్‌కి ఒకే చోటు, ఒకే ఓనర్ టీమ్ అని రాసుకున్నాం. పాలసీ టీమ్ కుర్రాడి పేరు నాకు ఏడాదిన్నరగా మెయిళ్లలో తెలుసు, మనిషిని చూడటం మాత్రం అదే మొదటిసారి. ఇద్దరం రోజూ ఒకే లిఫ్ట్ ఎక్కేవాళ్లమని అప్పుడు తెలిసింది.

కోడ్ నిజంగానే నాలుగు లైన్లు. దాని పైన కామెంట్‌లో ఆ టికెట్ నంబర్ రాశా. మామూలుగా మేం కారణాలే రాస్తాం, మనుషుల గురించి రాయం. అక్క రివ్యూ చేస్తూ దాన్ని తీసేయమంటుందేమో అనుకున్నా. ఉంచమంది.